గోడ స్విచ్చుకి పన్నెండడుగులు

రంపం మిషన్ దగ్గర నుంచి తలుపు పక్క గోడ మీదున్న స్విచ్చుకి సరిగ్గా పన్నెండడుగులు. బావ ముప్పై ఏళ్ళుగా ఆ పన్నెండడుగులూ నడుస్తూనే ఉన్నాడు. కోయాల్సిన చెక్క బల్ల మీద సర్ది, తలుపు దాకా వెళ్ళి పొట్టు లాగే మోటారు వేసి, వెనక్కొచ్చి రంపం వేసేవాడు. కోత అయ్యాక మోకాలితో నొక్కి రంపం ఆపి, మళ్ళీ తలుపు దాకా వెళ్ళి మోటారు ఆపేవాడు. ఈ మధ్య రెండేళ్ళుగా దానికి ఇంకో తతంగం తోడైంది. మోటారు ఆపాక గోడకి చెయ్యి ఆనించి, తల కాస్త పక్కకి వంచి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. ఆ తర్వాతే తీరిగ్గా వచ్చి కోసిన ముక్క తీసుకునేవాడు.

ఇది చూసి ఆయన బావమరిదికి ఒళ్ళు మండేది. బావమరిది కరెంటు పనివాడు. కరెంటు పనివాడి సొంత అక్క ఇంట్లో స్విచ్చు పన్నెండడుగుల దూరంలో ఉందంటే నలుగురూ ఏమనుకుంటారు? పైగా అతనికి ఇంట్లో ఉన్న పేరు ఫ్యూజు. అక్క పెళ్ళినాడు, పదమూడేళ్ళ వయసులో, దీపాల దండకి సొంత తెలివితో ఒక వైరు కలిపి ఇల్లంతా చీకటి చేశాడు. కొత్త పెళ్ళికొడుకు ఆ చీకట్లోనే పేరు పెట్టేశాడు. ఇప్పుడు నలభై మూడేళ్ళొచ్చి, కణతల దగ్గర జుట్టు నెరిసినా, ఆ పేరు మాత్రం నెరవలేదు.

"బావా, నువ్వు చెక్క కోయడానికి వచ్చావా, షికారుకి వచ్చావా?" అనేవాడు ఫ్యూజు.

"మీ అక్క వంట అరగాలంటే ఆ మాత్రం నడక ఉండాలిరా."

"నడక సరే. గోడ పట్టుకుని ఆ జపం ఏమిటి?"

"నీకు బుద్ధి రావాలని. ముప్పై ఏళ్ళయింది, ఇంకా ఫలించలేదు."

ఇలా ఎప్పటికప్పుడు మాట దాటేసేవాడు బావ. ఫ్యూజు నవ్వేసి ఊరుకునేవాడు. మనిషి కళ్ళ ముందున్నది కనిపెట్టలేకపోవడానికి నవ్వుని మించిన సాధనం లేదు.

చివరికి ఒక రోజు అతనే చేతిలో పట్టేంత డబ్బా ఒకటి తయారు చేసుకొచ్చి మిషన్ కింద బిగించాడు. రంపం వేస్తే చాలు, రెండు సెకన్లలో మోటారు దానంతటదే తిరుగుతుంది. రంపం ఆపితే, గొట్టంలో మిగిలిన పొట్టంతా లాగేశాక, మోటారూ దానంతటదే ఆగుతుంది. నడక లేదు, జపం లేదు. బావ ముందు ఒప్పుకోలేదు. "ఉన్నదానికేమొచ్చిందిరా" అని నసిగాడు. అక్క మాత్రం తమ్ముడి పక్షమే. "పాపం, వాడు మోజుపడి చేసుకొచ్చాడు. పెట్టించుకుంటే మీ సొమ్మేం పోయింది?" అంది.

బిగించాక బావ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "రంపం ఆపాక మోటారు ఎంతసేపు తిరుగుతుంది?"

"ఇరవై సెకన్లు."

బావ రంపం వేశాడు, ఆపాడు. చెవి రిక్కించి నిలబడ్డాడు. మళ్ళీ వేశాడు, ఆపాడు. అలా పదిసార్లు చేసి, చివర్లో ఫ్యూజు భుజం తట్టాడు. "నువ్వు అప్పుడప్పుడు పనికొస్తావురా" అన్నాడు. ఆ మాటకి ఫ్యూజు వారం రోజులు నేల మీద నడవలేదు.

రంపం గదికి అవతలి గోడ వెనక అక్క కుట్టుమిషన్ ఉంది. ఆవిడకి తలనొప్పి పాత చుట్టం. రెండు నెలలు చూసి, ఒకరోజు బావ కలప డిపోకి వెళ్ళినప్పుడు తమ్ముణ్ణి పట్టుకుంది.

"ఒరేయ్, రంపం ఆగాక కూడా ఆ ఊళ ఏమిట్రా? హమ్మయ్య ఆగింది అనుకునేలోపు ఇంకో ఇరవై సెకన్లు తలలో మేకులు దిగ్గొడుతుంది. కాస్త తగ్గించలేవూ?"

"అదెంత పనక్కా" అన్నాడు ఫ్యూజు. నిజంగానే ఎంతో పని కాదు. డబ్బా పక్కనున్న చిన్న మరని స్క్రూడ్రైవరుతో పావు చుట్టు తిప్పాడు. ఇరవై సెకన్లు కాస్తా ఎనిమిదయ్యాయి. గొట్టం ఖాళీ కావడానికి ఎనిమిది చాలు. బావ వచ్చాక చెబుదామనుకున్నాడు. ఈలోపు ఎవరింట్లోనో కరెంటు పోయిందని ఫోనొచ్చింది. ఇది చెప్పి తీరాల్సినంత సంగతా అనుకుంటూ సామాను సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే బావ బీరువా పలక ఒకటి కోశాడు. మోకాలితో రంపం ఆపాడు. మోటారు ఆగింది. బావ ఎడమచెయ్యి చాపి తెగిన ముక్క అందుకోబోయాడు. పాత మిషను, బ్రేకు లేదు. బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంది. చూపుడువేలూ మధ్యవేలూ మొదలంటా పోయాయి.

ఆసుపత్రి వరండాలో అక్క తమ్ముడి వైపు చూడకుండా ఒకే మాట అంది. "ఆ డబ్బా రాకముందు ముప్పై ఏళ్ళలో ఆయన చేతికి గీత కూడా పడలేదు." ఫ్యూజు ఇంటికెళ్ళి, కంచం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోలేక లేచిపోయాడు. మంచి చేద్దామనే కదా చేశాను అని తనని తాను సమర్థించుకోబోయాడు గానీ, ఆ సమర్థింపు వేళ్ళని తిరిగి అతికించదని అతనికి తెలుసు.

మూడు వారాల తర్వాత బావే కబురు పెట్టాడు. పాత స్విచ్చు మళ్ళీ పెట్టాలి, సామాను తీసుకుని రమ్మని. ఫ్యూజు వెళ్ళేసరికి బావ రంపం బల్ల పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పడి ఉంది. బల్ల మీద కొలబద్ద ఉంది. దాని అంచు పొడవునా కత్తితో పెట్టిన గాట్లు. ఫ్యూజు వాటిని ఇదివరకూ చూశాడు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

అతను నేల మీద కూర్చుని, డబ్బా విప్పుతూ, తల ఎత్తకుండానే చెప్పేశాడు. "ఇరవైని ఎనిమిది చేసింది నేనే బావా. నీకు చెప్పలేదు."

"తెలుసు. మంచం మీద పడుకుని లెక్కేసుకుంటే తెలిసిందిలే. ఎందుకు తగ్గించావు?"

అక్క పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఫ్యూజు దాన్ని మింగేశాడు. "ఊరికే. కరెంటు దండగ అనిపించింది."

బావ నవ్వాడు. "ఫ్యూజువి ఫ్యూజువే."

"కానీ బావా, మోటారు ఆగితే మాత్రం? బ్లేడు తిరుగుతుంటే నీకు కనిపించదూ?"

బావ స్టూలు అతని దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత, "ఇలా చూడు" అన్నాడు. ఫ్యూజు తలెత్తాడు. బావ అతని వైపే సూటిగా చూస్తున్నాడు.

"ఇలా చూస్తే నీ చెవులు రెండూ కనిపిస్తాయిరా. మధ్యలో ఏమీ ఉండదు. ఎక్కడ చూపు పెడితే అక్కడ మసక, చుట్టూ మాత్రం బాగానే ఉంటుంది. అందుకే గుమ్మం తట్టుకోను, మనుషుల్ని గుద్దుకోను, ఎవరికీ అనుమానం రాదు. ఒకందుకు మేలే, నీ మొహం చూసే బాధ తప్పింది."

ఫ్యూజు నవ్వలేకపోయాడు. "ఎన్నాళ్ళయింది?"

"రెండేళ్ళు. రెండు కళ్ళూ అంతే. బాగుపడదన్నారు. కొలతలకి ఈ గాట్లున్నాయి, గోరుతో తడుముకుంటాను. బ్లేడు ఆగిందో లేదో మాత్రం చెవితోనే తెలియాలి. నడిచి వెళ్ళి, మోటారు ఆపి, వినేవాణ్ణి. నువ్వు డబ్బా పెట్టాక చూశాను, మోటారు కన్నా ముందే బ్లేడు ఆగిపోతోంది. ఇంక వినడం మానేశాను. మోటారు ఆగిందంటే బ్లేడు ఆగినట్టే."

తను జపం అని వేళాకోళం చేసింది దేన్నో ఇప్పుడు తెలిసింది ఫ్యూజుకి. ఆ పన్నెండడుగులూ ఆ మనిషికి కళ్ళు. వాటిని ఊడబీకి, బదులు ఒక డబ్బా ఇచ్చి, ఆ డబ్బాని కూడా దొంగచాటుగా మార్చాడు తను. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ పని మానెయ్."

"మానేసి?"

"నేనున్నాను. అక్క కుడుతోంది."

"ఒరేయ్, వేళ్ళు పోయిన వడ్రంగికి జనం పని ఇస్తారు. పాపమని ఒకటి ఎక్కువే ఇస్తారు. కళ్ళు పోయినవాడికి కుర్చీ ఇస్తారు. అందులో కూర్చోబెట్టి, చుట్టూ నెమ్మదిగా మాట్లాడుకుంటారు. నాకు ఆ కుర్చీ వద్దు. మీ అక్కకి తెలిసిందా, ఇవాళే మిషన్ అమ్మించి ఆ కుర్చీ వేస్తుంది. చెప్పనని నా చేతి మీద ఒట్టెయ్."

కట్టు ఉన్న చెయ్యే చాపాడు. ఫ్యూజు దాన్ని తాకడానికి భయపడ్డాడు. బావ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఫ్యూజు రెండు వేళ్ళతో ఆ కట్టుని ముట్టుకున్నాడు.

పాత స్విచ్చు బిగించి, డబ్బా సంచిలో వేసుకుని బయటికి వస్తుంటే వంటింటి గుమ్మంలో అక్క అడ్డు నిలబడి ఉంది. ఆవిడ మొహం మూడు వారాల్లో సగమైపోయింది.

"నాకో మాట చెప్పు. రోజూ ఇదే తొలుస్తోంది. ఆ కూత తగ్గించమని నేనే కదా అన్నాను. దానివల్ల జరిగిందా? నిజం చెప్పు."

నిజం చెప్పాలంటే బావ కళ్ళ సంగతీ చెప్పాలి. అది చెప్పకుండా ఔనంటే ఆ వేళ్ళు అక్క మెడకి చుట్టుకుంటాయి. ఎటు చూసినా చేయగలిగింది ఒక్కటే, తప్పు తన నెత్తిన వేసుకోవడం.

"కాదక్కా. దానికీ దీనికీ సంబంధం లేదు. లోపల వైరు నేనే తప్పు కలిపాను. రంపం ఆగినట్టే ఆగి మళ్ళీ తిరిగింది. ఇప్పుడు విప్పితే బయటపడింది."

అక్క కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. ఒక్క క్షణం ఆ మొహంలో పాత అక్క కనిపించింది. తర్వాత కళ్ళు తెరిచింది.

"వైరు తప్పు కలిపావా? మనిషి చెయ్యి పెట్టే చోట?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఫ్యూజుకి అనిపించింది. "పెళ్ళినాడు ఇల్లు చీకటి చేశావు. చిన్నవాడివని నవ్వుకున్నాం. ఇంక నువ్వు ఈ గడప తొక్కకు. నేను పోయినా రాకు."

అతను చెప్పులు వేసుకుని వీధిలోకి వచ్చాడు. నాలుగడుగులు వేసేలోపు వెనక మోటారు మోగింది. కాసేపటికి రంపం. బావకి ఒక్క పూట కూడా ఓపిక లేదు. రంపం చెక్కలోకి దిగింది, తెగింది, ఆగింది. మోటారు ఒక్కటే ఊళపెడుతోంది. ఫ్యూజు ఇంటి గోడ పక్కనే నిలబడి ఒకటి, రెండు అని లెక్కపెట్టాడు. పన్నెండు దగ్గర మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దంలో బ్లేడు సన్నగా గాలిని కోస్తున్న చప్పుడు గోడ ఇవతలికి కూడా వినిపించింది. లోపల ఒక మనిషి, బయట ఒక మనిషి, ఇద్దరూ కళ్ళు మూసుకుని అదే చప్పుడు వింటున్నారు. అది సన్నబడి, సన్నబడి, పోయింది. నిజంగా పోయిందని ఫ్యూజుకి నమ్మకం కుదరలేదు. ఇంకో క్షణానికి, కోసిన చెక్కని నేల మీద పెట్టిన చప్పుడైంది.

ఎవరికి చెప్పాలి? అక్కకి చెప్పడానికి లేదు, బావని ఆపడానికి లేదు. రేపటి నుంచి ఈ గోడ దగ్గరికి రావడానికీ లేదు. ఈ ఒక్క కోత గడిచింది. సాయంత్రం దాకా ఇంకెన్నో ఉన్నాయి.

లోపల మోటారు మళ్ళీ మోగింది. ఫ్యూజు సంచి కింద పెట్టి, రంపం ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ, మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడానికి నిలబడ్డాడు.