ఏడు లక్షల కిలోమీటర్ల ఇంజన్

టాక్సీ స్టాండులో నలభై బళ్లుంటే అందులో ముప్పై ఒకటి కొంగబొమ్మవే. ఆ జపాన్ కంపెనీ అసలు పేరు పలకడానికి నోరు తిరగక, బండి ముందు రెక్కలు చాపిన కొంగను చూసి జనం పెట్టుకున్న పేరది. ఆ ముప్పై ఒకటీ తన నోటి చలవేనని స్టాండులో ఒక డ్రైవరుకు గట్టి నమ్మకం. ఉత్త గొప్పలని కొట్టిపారెయ్యడానికీ లేదు. ఇరవై ఏడేళ్ల కిందట ఊళ్లో మొదటి కొంగబొమ్మ కారు కొన్నది ఆయనే. అప్పట్లో స్టాండంతా మొరటుగా, బరువుగా ఉండే పెద్ద కార్లే. ఈ చిన్నదాన్ని చూసి రేకు డబ్బా అని అందరూ పళ్లికిలించారు. ఆ రేకు డబ్బానే ఆయన ఇప్పటికీ నడుపుతున్నాడు. మీటరు ఏడు లక్షల కిలోమీటర్లు దాటింది.

స్టాండుకు రెండు వీధుల అవతల షెడ్డు పెట్టుకున్న మెకానిక్‌కి ఈయన స్వయానా బావ, అక్క మొగుడు. ఈ కథ ఆ మెకానిక్ మోసిన బరువు గురించే. కానీ బావ నోరు ఎలాంటిదో ముందు తెలియకపోతే ఆ బరువెంతో తెలియదు.

కారుతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని బావ అక్షరం పొల్లుపోకుండా ఒంటబట్టించుకున్నాడు. ఎక్కినవాడు తలుపు వేసుకోవడమే పాపం, కంపెనీ చరిత్ర అందుకునేవాడు. రేకుల షెడ్డులో నీళ్ల పంపులు చేసుకునే ఒక ముసలాయన, యుద్ధం అయ్యాక మిగిలిన తుక్కు ఇనుముతో మూడు చక్రాల బండి చేశాడట. తర్వాత నాలుగు చక్రాలది చేశాడట. దాన్ని ఓడెక్కించి పరదేశం పంపితే మొదటి కొండ ఎక్కేలోపే పొగలు కక్కుతూ నిలబడిపోయిందట. అక్కడివాళ్లు కడుపుబ్బ నవ్వారట. ముసలాయన అమ్మినవన్నీ వెనక్కి తెప్పించి, ఒక్కొక్కదాన్నీ విప్పి చూసుకుని, ఆరేళ్ల దాకా మళ్లీ ఓడ మొహం చూడలేదట. ఆ తర్వాత పెట్రోలు ధర మండిపోయిన ఏడాది, ఆ నవ్వినవాళ్లే వరసలో నిలబడి మరీ కొనుక్కున్నారట. సాధారణంగా ఈ పాటికి దిగాల్సిన చోటు వచ్చేసేది. రాకపోతే బావే కాస్త నెమ్మదిగా నడిపేవాడు.

ఎందుకంటే ఆఖరి మాట చెప్పకుండా దింపడం ఆయనకు ఇష్టం ఉండదు. "ఇంజన్ ఇంతవరకు దించలేదండీ. ఫ్యాక్టరీలో ఎక్కించిందే." మిగతా ముప్పై బళ్లనూ అమ్మింది ఈ ఒక్క మాటే.

ఆ మాట చెవినపడ్డప్పుడల్లా మెకానిక్ ఏదో ఒక పానా పోయినట్టు షెడ్డంతా వెతుక్కునేవాడు. ఆ ఇంజన్‌ను దించినవాడు అతనే మరి.

ఇరవై రెండేళ్ల కిందట బావకు కడుపులో ఆపరేషనై పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ తాళాలు బావమరిది చేతిలో పెట్టి, ఆయిల్ మార్చి ఉంచమన్నాడు. మెకానిక్ సొంత షెడ్డు పెట్టుకుని అప్పటికి నాలుగు నెలలు. పాత ఆయిల్ వదిలాడు, అడుగున ఉండే బోల్టును చేత్తో తిప్పి పెట్టాడు, పానాతో బిగించబోతుంటే బయటినుంచి ఎవరో కేకేశారు. మాట్లాడి వచ్చి కొత్త ఆయిల్ పోసేశాడు. బిగించానా లేదా అన్న అనుమానం కూడా రాలేదు. మర్నాడు మధ్యాహ్నం అక్కను ఆసుపత్రి దగ్గర దింపి వస్తుంటే ఆ బోల్టు ఎక్కడో రాలిపోయింది. ఆయిలంతా దారి పొడుగునా కారిపోయింది. ఆయిల్ లేదని చెప్పే ఎర్ర లైటు వెలిగే ఉంటుంది, ఎండలో అతనికి కనపడలేదు. వంతెన మీద ఇంజన్ ఒక్క అరుపు అరిచి పట్టేసింది. విప్పి చూస్తే లోపలి రాడ్డు విరిగి బ్లాకు గోడకు పిడికిలి పట్టేంత బొక్క పెట్టింది.

ఆ సాయంత్రమే చెప్పేసి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. కానీ కొత్త షెడ్డు మీద ఎవరికీ నమ్మకం లేని రోజుల్లో, మావాడి చెయ్యి పడితే చాలు బండి పదేళ్లు అడగదని స్టాండంతా తిరిగి చెప్పింది ఈ బావే. అంత నమ్మిన మనిషి మంచం మీద ఉంటే, నీ బండి నా చేతుల్లోనే పోయింది అని చెప్పడానికి మెకానిక్‌కి నోరు పెగల్లేదు. తుక్కు దుకాణాలన్నీ గాలించి, వెనకనుంచి లారీ గుద్దేసిన అదే రకం కారు ఒకటి పట్టుకున్నాడు. దాని ఇంజన్ చెక్కుచెదరలేదు. తొమ్మిది రోజుల్లో దాన్ని ఇందులో కూర్చోబెట్టాడు. బావ ఆసుపత్రి నుంచి వచ్చి తాళం తిప్పి, చెవి ఒగ్గి విని, ఆయిల్ మారిస్తే ఎంత హాయిగా పలుకుతోందో చూడరా అన్నాడు. ఇంజన్ నంబరు బండి అడుగున, పొగగొట్టం వెనకాల ఎక్కడో ఉంటుంది. తనిఖీకి వచ్చేవాళ్లు బండి నంబరు చూసి సంతకం పెట్టేవాళ్లే కానీ ఒళ్లు వంచి అక్కడిదాకా పోయినవాడు లేడు.

అలా గడిచిపోతుండగా కంపెనీకి తొంభై ఏళ్లు నిండాయి. సొంత ఊళ్లో పెద్ద ప్రదర్శనశాల కడుతున్నామనీ, ఒక్కో దేశం నుంచి ఇంజన్ మార్చకుండా అన్నిటికన్నా ఎక్కువ దూరం తిరిగిన బండిని తెచ్చి పెడతామనీ ప్రకటించారు. షోరూం మేనేజరు బావ బండి గురించి రాసి పంపాడు. జవాబొచ్చింది. శుక్రవారం జపాన్ నుంచి ఒక ఇంజనీరు వస్తాడు, ఇంజన్ నంబరును ఫ్యాక్టరీ పుస్తకంతో సరిచూస్తాడు, సరిపోతే బండి ఓడెక్కుతుంది. బదులు కొత్త బండి ఇస్తారట, అది బావ చెవికెక్కనే లేదు. బండి పక్కన ఇత్తడి పలక మీద ఆయన పేరు చెక్కిస్తారట. ఇంటిపేరు ముందుండాలా వెనకుండాలా అని మూడు రోజులు ఇంట్లో చర్చ.

మెకానిక్ మాత్రం శుక్రవారానికి రోజులు లెక్కపెట్టుకున్నాడు. నంబరు ఎలాగూ బయటపడుతుంది. ఈ లోపల తన నోటితో తను చెప్పుకుంటాడా, పదిమందిలో పట్టుబడతాడా అన్నదొక్కటే తేలాలి. పట్టుబడితే బావ ఇక జన్మలో తన చేతికి తాళాలివ్వడు. మంగళవారం చెప్పేద్దామని వెళ్లాడు. బావ పళ్లు తోముకునే బ్రష్షుతో టైర్ల సందులు కడుగుతున్నాడు. చూసి వచ్చేశాడు. బుధవారం వెళ్లి, వాతావరణం గురించి మాట్లాడి వచ్చాడు. గురువారం బావే బండిని షెడ్డుకు తెచ్చి, కింద మట్టీ గిట్టీ లేకుండా చెయ్యమని వదిలి వెళ్లాడు. మెకానిక్ దగ్గర అంకెలు కొట్టే ఉలులున్నాయి. పాత నంబరు అతనికి నోటికొచ్చు. ఉన్న అంకెలు అరగదీసి, పాతవి కొట్టేస్తే సరి. బండి కిందికి దూరి, అరగదీసే మిషన్ చేతబట్టుకుని చాలాసేపు పడుకున్నాడు. స్విచ్చు నొక్కలేదు. ధర్మబుద్ధి అనుకుంటే పొరపాటు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేవాడి కంటికి దొంగ అంకె ఆనకుండా పోదని భయం, అంతే.

సాయంత్రం బండి కోసం వచ్చిన బావతో, నంబర్లంటే ఒక్కోసారి పుస్తకంలోనే తేడాలుంటాయేమో అని నీళ్లు నమిలాడు. బావ విననే లేదు.

"రేపు నువ్వు నా పక్కనే నిలబడాలి రా. ఈ బండి మీద నీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదని చెప్తాను."

దాంతో ఉన్న కాస్త ధైర్యమూ చల్లారిపోయింది.

శుక్రవారం పొద్దున షెడ్డు ముందు స్టాండు స్టాండంతా దిగింది. ఇంజనీరు బక్కపలచని మనిషి, అరవై ఏళ్లుంటాయి. తల నెరిసింది. కోటు విప్పి నీటుగా మడిచి, నేలమీద గుడ్డ పరుచుకుని, ఎవరి సాయమూ లేకుండా తనే బండి కిందికి దూరాడు. చిన్న అద్దం, టార్చి పట్టుకుని చూసి, అంకెలు కాగితం మీద రాసుకున్నాడు. బయటికొచ్చి పుస్తకం తీశాడు. రెండుసార్లు చూశాడు. వెంట వచ్చిన దుబాసీ అమ్మాయితో ఏదో మెల్లగా అన్నాడు.

"ఈ నంబరు మీ కారుది కాదంటున్నారండీ," అంది ఆ అమ్మాయి. "ఇంజన్ ఎందుకు మార్చాల్సి వచ్చిందని అడుగుతున్నారు."

బావ నవ్వాడు. ఏదో పొరపాటు, మళ్లీ చూడమనమన్నాడు. సాక్ష్యం చెప్పమన్నట్టు బావమరిది వైపు తిరిగాడు. బావమరిది తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూస్తున్నాడు. బావ నవ్వు ఉన్నపళాన ఆగిపోయింది. ఎప్పుడు, ఎలా అన్నది ఆయనకేమీ తెలియదు. ఎవరన్నది మాత్రం ఆ మొహం చూడగానే తెలిసిపోయింది. ఇంజనీరు వైపు తిరిగాడు.

"మార్చామండీ. చాలా ఏళ్లయింది. మీ ఇంజన్ దానంతటదే పోయింది. మావాడు లేకపోతే బండి ఆ రోజే తుక్కులోకి పోయేది. గొప్ప కోసం నేనే ఎవరికీ చెప్పలేదు."

ఇరవై ఏడేళ్లుగా ఆ కంపెనీ మీద ఈగ వాలనివ్వని మనిషి, తన మాట నమ్మి బళ్లు కొన్న ముప్పైమంది ముందు దాని పరువు తీశాడు. ఎవరూ బావమరిది చేతికేసి వేలెత్తి చూపకూడదని తీశాడు. వెనకనుంచి ఎవడో, అయితే రేకు డబ్బానే అన్నమాట అన్నాడు. ఆ మాటకు ఒకరిద్దరు నవ్వారు. బావ చెవులు ఎర్రబడ్డాయి గానీ అటు తిరగలేదు.

దుబాసీ చెప్పిందంతా ఇంజనీరు రాసుకున్నాడు. కలం జేబులో పెట్టుకున్నాడు. రెండు చేతులూ పక్కలకు ఆనించి, బావ ముందు నడుం దాకా వంగి అలాగే ఉండిపోయాడు.

"కంపెనీ చేసిన ఇంజన్ మిమ్మల్ని దారిలో నిలబెట్టినందుకు క్షమించమంటున్నారు," అంది ఆ అమ్మాయి.

మెకానిక్‌కి ఎదురుగా ఆ నెరిసిన తల కనపడుతోంది. బావ తనకోసం ఆడిన అబద్ధాన్ని ఎలాగో మింగగలిగాడు కానీ, దేశం కాని దేశం నుంచి వచ్చిన పెద్దమనిషి తను చెయ్యని తప్పుకు ఇలా వంగి నిలబడటం మాత్రం చూడలేకపోయాడు.

"లేవమనండమ్మా," అన్నాడు. "ఇంజన్ తప్పేం లేదు. ఆయిల్ మార్చి కింది బోల్టు బిగించడం మర్చిపోయాను. ఇంజన్ నేనే మార్చి పెట్టి, దాచాను. బావకి ఈ పూట దాకా తెలీదు."

ఇంజనీరు నిటారుగా నిలబడి అంతా విన్నాడు. పుస్తకం మళ్లీ తెరిచి, ఇందాక రాసిన వరసల మీద స్కేలు పెట్టి గీత కొట్టేశాడు. కోపం తెచ్చుకోలేదు. మా ఫ్యాక్టరీలో బిగించేవాడొకడు, బిగిసిందో లేదో చూసేవాడు ఇంకొకడు అని చెప్పాడట. వెనక్కి తెప్పించిన కార్లు విప్పినప్పుడు చాలావాటిలో బోల్టులే సరిగా బిగించి లేవట. మనిషన్నాక మర్చిపోతాడని ముసలాయన అప్పుడు ఒప్పుకుని ఆ పద్ధతి పెట్టాడట, మాకు పేరు వచ్చింది దానివల్లేనన్నాడట. బావ చదివిన పుస్తకంలో ఈ సంగతి లేదు. ఇంజనీరు కోటు తొడుక్కుని, ఇద్దరికీ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఇత్తడి పలక ఊసు ఇంకెవరూ ఎత్తలేదు.

జనం పలచబడ్డాక బావ డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కోప్పడతాడని మెకానిక్ ఎదురుచూశాడు. ఆయన గొంతు పెంచలేదు.

"ఇరవై రెండేళ్లు నా చేత అబద్ధం చెప్పించావు రా. అబద్ధమని నాకు తెలిసుంటే కాస్త తగ్గించి చెప్పేవాణ్ని కదా."

తలుపు వేసుకుని వెళ్లిపోయాడు.

తర్వాత రెండు నెలలు బావ షెడ్డు ఛాయలకు రాలేదు. అక్క ఒకసారి వచ్చింది. తింటున్నాడు, పడుకుంటున్నాడు, నీ పేరు మాత్రం ఎత్తట్లేదు అని చెప్పి, తమ్ముడిని నాలుగు చివాట్లు వేసి వెళ్లింది. టాక్సీలో ఇప్పుడు కంపెనీ చరిత్ర పెట్రోలు మండిపోయిన ఏడాది దగ్గరే ఆగిపోతోందనీ, ఆ తర్వాత ఆయన కిటికీలోంచి చూస్తూ నడుపుతున్నాడనీ స్టాండువాళ్లు చెప్పారు. మెకానిక్ వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. రోజుకిన్ని కిలోమీటర్లు చొప్పున వేసుకుంటే, ఆయిల్ మార్చాల్సిన వారం ఇదే. బస్టాండు వెనక ఇంకో షెడ్డుంది. అక్కడ పని చవక, పైగా ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు అప్పుడే అటు మళ్లారు. బావ కూడా అటే పోతే తను చెయ్యగలిగేదేమీ లేదని అతనికి తెలుసు. తెలిసినా, వీధిలో హారన్ మోగిన ప్రతిసారీ తల ఎత్తుతూనే ఉన్నాడు.

సోమవారం పొద్దున కొంగబొమ్మ కారు వచ్చి షెడ్డులో ఆగింది. బావ దిగి, తాళాలు బోనెట్ మీద పెట్టాడు. ఆయిల్ అన్నాడు.

మెకానిక్ పాత ఆయిల్ వదిలాడు. ఆఖరి చుక్క పడేదాకా ఆగి, బోల్టు పెట్టి, పానాతో బిగించాడు. తృప్తి చాలక మళ్లీ బిగించాడు. బయటికొచ్చి కొత్త డబ్బా అందుకోబోయాడు.

"ఉండు," అన్నాడు బావ.

గోనెపట్టా ఒకటి లాగి నేలమీద పరుచుకున్నాడు. పొట్ట అడ్డం పడుతున్నా ఎలాగో ఆయాసపడుతూ బండి కిందికి జరిగి, పానా ఇలా తెమ్మని చెయ్యి చాపాడు. ఇన్నేళ్లలో బావమరిది చేసిన పనిని ఆయన ఒక్కసారి వంగి చూసింది లేదు. మెకానిక్‌కి మొహం మండిపోయింది. ఇంతకన్నా చెంపమీద ఒకటి కొట్టినా బాగుండేదనుకున్నాడు. అయినా పానా తెచ్చి ఆ చేతిలో పెట్టాడు. బావ బోల్టుకు పానా తగిలించి, బరువంతా వేసి ఒకసారి లాగి చూశాడు. అది కదల్లేదు. ఒళ్లంతా మట్టితో బయటికొచ్చి, అక్కడే గోనె మీద కూర్చుని చేతులు తుడుచుకున్నాడు.

"బిగిసింది," అన్నాడు. "ఇక పోసెయ్."