రెండో బ్రేకు

చెల్లెలు డ్రైవింగు పరీక్ష రెండోసారి కూడా తప్పింది. మొదటిసారి ఎక్కడ తప్పిందో ఈసారీ అక్కడే. బ్రేకు దగ్గర.

ఆ సంగతి అక్కకు చెప్పింది పరీక్ష పెట్టిన ఇన్‌స్పెక్టరు. కారు దిగి కళ్ళజోడు తుడుచుకుంటూ, మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళందరిదీ ఇదే వరస మేడమ్ అన్నాడు. స్టీరింగు చక్కగా తిప్పుతారట. గేర్లు వెన్నలో కత్తి దింపినట్టు మారుస్తారట. అడ్డంగా ఏదైనా వస్తే మాత్రం, ఎవరో ఆపుతారన్నట్టు చూస్తూ కూర్చుంటారట.

"ఆ ఎవరో మీరే," అన్నాడు.

అక్కకు చుర్రుమంది. ఆమె డ్రైవింగు స్కూల్లో ఉన్నది ఒక్క కారు, నేర్పేది ఆమె ఒక్కతే. అయినా ఆ స్కూలుకు పేరుంది. ఇన్నేళ్ళలో కారు మీద గీత పడలేదు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు చాటుగా తనను బ్రేకు మేడమ్ అంటారని ఆమెకు తెలుసు. మెచ్చుకోలు అనుకునేది.

నేర్పే కారులో టీచరు కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఒకటి ఉంటుంది, ప్రమాదం మీదికొస్తే తొక్కడానికి. ఆ సాయంత్రం కారు కడుగుతూ ముందు తలుపులు రెండూ తీసి వంగి చూసింది. నేర్చుకునేవాళ్ళ వైపు పెడల్ రబ్బరు గళ్ళు చెదరకుండా కొత్తదానిలా ఉంది. తన వైపు రబ్బరు అరిగి నున్నగా నిగనిగలాడుతోంది. రెండూ ఒకేరోజు వేయించినవి.

తడిగుడ్డ బకెట్లో పడేసి మెట్టు మీద కూలబడింది. ఇన్‌స్పెక్టరు మాటకు ఎదురు చెప్పొచ్చు, ఆ రబ్బరుకు ఏం చెప్తుంది?

ఈ నెలలో మిగిలింది ఒక్క పరీక్షే. చెల్లెలు ఆస్పత్రిలో స్ట్రెచరు తోసే మనిషి. ఇన్నాళ్ళు తోసింది చాలు, ఇక తోలతాను అంటోంది. నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే అంబులెన్సు ఇస్తామన్నారు వాళ్ళు. చూపించకపోతే వేరే మనిషి సిద్ధంగా ఉన్నాడు.

అక్క కాలికి ఆ అలవాటు పదకొండేళ్ళ వయసులో పట్టుకుంది. అప్పట్లో ప్రతి ఆదివారం పెదనాన్న ఇంటికి వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు నాన్న తాగి ఉండేవాడు. అమ్మ ముందు సీట్లో నోరెత్తేది కాదు, ఎత్తితే కారు ఇంకా జోరందుకునేది. వెనక సీట్లో అక్క, ఒళ్ళో నిద్రపోతున్న చెల్లెల్ని పట్టుకుని రోడ్డు చూసేది. మలుపు వచ్చినప్పుడల్లా నాన్న తొక్కాల్సిన బ్రేకు తను తొక్కేది, వట్టి నేల మీద. ఒక ఆదివారం కారు ఆగలేదు. గోడకు కొట్టుకుంది. నాన్న అక్కడికక్కడే పోయాడు. అమ్మ కాలికి ఇనప కడ్డీ పడింది. చెల్లెలికి దెబ్బా తగల్లేదు, గుర్తూ లేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ రోజు మాట ఎవరూ ఎత్తలేదు. అక్క అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏ కారులోనూ వెనక సీట్లో కూర్చోలేదు.

మర్నాడు మెకానిక్ చేత రెండో పెడల్ విప్పించేసింది. ఇది లేకుండా మీరు కారెక్కుతారా అని అతను నవ్వాడు. ఎక్కింది. మూతపడిన మిల్లు ఆవరణలోకి కారు పట్టుకెళ్ళి, ఖాళీ అట్టపెట్టెలు నిలువెత్తున పేర్చి, వాటి ముందు ఆపమని చెల్లెలికి చెప్పింది.

కారు నేరుగా పెట్టెల్లోకి దూసుకుపోయింది. ఒకటి బానెట్ మీదికెక్కి కూర్చుంది.

"ఆపలేదేమే?"

"నువ్వు ఆపుతావనుకున్నా."

"నా దగ్గర పెడలే లేదు కదే పిచ్చిదానా."

"ఆ ముక్క నాకు తెలుసు. నా కాలికి తెలియదు." చెల్లెలు కిందికి చూసింది. "నీ కాలికీ తెలిసినట్టు లేదు."

అక్క చెప్పు పట్టీ తెగి ఉంది. పెడల్ లేని చోట అంత గట్టిగా తొక్కింది. చెల్లెలు నవ్వబోయి, అక్క మొహం చూసి మానుకుంది.

"నీకు నాకంటే ముందే అన్నీ కనబడతాయక్కా. కనబడింది చెప్పవు, తొక్కేస్తావు. ఇంక నేను దేన్ని చూడాలి? చిన్నప్పటి నుంచీ ఇదే వరస. సైకిలెక్కితే వెనక పట్టుకున్నావు, ఈత కొడతానంటే జడ పట్టుకున్నావు. నోటితో చెప్పు. కాలు నేను చూసుకుంటా."

అక్క కారు దిగింది. పెట్టెలు మళ్ళీ పేర్చింది. ఈసారి కాలు లేచినప్పుడల్లా కనబడినదాన్ని పైకి చెప్పింది. మొదట ఒక్కో మాటే వచ్చింది, తర్వాత ఆగకుండా వచ్చింది. మధ్యాహ్నానికి పెట్టెలు చితికి చాపలయ్యాయి కానీ చివరి వరస నిలబడే ఉంది.

పెడల్ మళ్ళీ బిగించి రోడ్డు మీదికొచ్చారు. అక్క పాదాలు సీటు కిందికి ముడుచుకుని కూర్చునేది, నోరు మాత్రం ఆగేది కాదు. ఆగి ఉన్న బండి అద్దంలో తల కదిలితే తలుపు తెరుచుకుంటుందని అనుకో. పెద్ద బండి పక్కనుంచి పోయేటప్పుడు దాని కిందనుంచి చూడు, అవతల కాళ్ళో చక్రాలో కనబడతాయి. భయంతో తను నేర్చుకున్న విద్యంతా ఒక్కొక్కటిగా చెల్లెలికి అప్పజెప్పింది. మధ్యలో కాలు మాట తప్పి ముందుకెళ్ళిన రోజులూ ఉన్నాయి. అప్పుడు చెల్లెలు కారు పక్కకు తీసి, దిగి టీ తాగొచ్చేది. అది అక్కకు శిక్ష.

మూడో పరీక్ష రోజు ఇన్‌స్పెక్టరు ముందు సీట్లో, రెండో బ్రేకు దగ్గర కూర్చున్నాడు. దాన్ని అతను తొక్కాడంటే పరీక్ష పోయినట్టే. టీచరు కావాలంటే వెనక కూర్చోవచ్చు, నోరు మెదపకూడదు. పోయిన రెండుసార్లు అక్క బయట బెంచీ మీదే కూర్చుంది. ఈసారి వెనక తలుపు తీసి ఎక్కింది. చెల్లెలు అద్దంలోంచి ఒకసారి చూసి కారు కదిలించింది.

వెనకనుంచి రోడ్డు ఇరుగ్గా కనిపిస్తుంది. రెండు తలల మధ్య పట్టినంతే. అక్క అరచేతులు సీటుకు అతుక్కుపోయాయి.

మార్కెట్టు వీధిలో ఎడమ పక్క ఒక వ్యాను ఆగి ఉంది. దాని కింద, అవతల, ఒక చక్రం దొర్లుతోంది. అక్కకు కనబడింది. చెప్పడానికి లేదు. తొక్కడానికి ఏమీ లేదు. కాలు దానంతటదే లేచింది. దాన్ని గాల్లోనే ఆపి, చెల్లెలి వీపు చూస్తూ కూర్చుంది.

చెల్లెలి భుజం కొద్దిగా పక్కకు ఒరిగింది. కిందనుంచి చూస్తోంది. కారు నెమ్మదించింది. మరుక్షణం వ్యాను ముందునుంచి తోపుడుబండి ఒకటి అడ్డంగా దూసుకొచ్చింది, దాని నిండా ఉల్లిపాయలు. కారు ఆగింది. మధ్యలో జానెడు చోటు మిగిలింది.

బండివాడు తప్పు తనదే అయినా, కళ్ళు నెత్తికెక్కాయా అని అరిచాడు.

"ఎక్కితే నీ ఉల్లిపాయలు ఈపాటికి పచ్చడయ్యేవి, పో అన్నా," అంది చెల్లెలు.

ఇన్‌స్పెక్టరు తన కాలు పెడల్ దాకా వెళ్ళిందనీ, తొక్కే పని పడలేదనీ ఆఫీసు ముందు దిగుతూ చెప్పాడు. లైసెన్సు వచ్చినట్టే. అతను వెళ్ళిపోయాక కూడా అక్క దిగలేదు. ఒక్క నిమిషం ఆగమంది. చెల్లెలు తలుపు తీసుకుని వెనక సీట్లో ఆమె పక్కనే కూర్చుంది.

"ఏం జరిగిందక్కా ఆ రోజు?"

ఇంతవరకూ అడగని మాట. అక్క ముందు సీట్ల మధ్యలోంచి రోడ్డు వైపు చూసింది.

"ప్రతి ఆదివారం నేనే ఆపుతున్నాననుకునేదాన్నే. ఇలా నేలకేసి తొక్కి. ఆగేది కూడాను. ఆ రోజూ తొక్కాను. చాలా గట్టిగా తొక్కాను."

చెల్లెలు కిందికి వంగింది. అక్క పాదాలు పక్కకు జరిపి, కాళ్ళ కింది రబ్బరు చాప ఎత్తి, అడుగంతా అరచేత్తో తడిమింది.

"ఇక్కడ ఏమీ లేదక్కా. వట్టి రేకు."

"తెలుసు."

"తెలిస్తే సరిపోదు. నువ్వూ పట్టి చూడు."

అక్క వంగి చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది. కాసేపు అలాగే ఉంచి, చెయ్యి దులుపుకుని వెనక్కి వాలింది. భయం పూర్తిగా పోలేదు. అయినా దిగి ముందుకు వెళ్ళాలనిపించలేదు.

"పోయి బండి తియ్యి," అంది. "నేనిక్కడే కూర్చుంటా. దారిలో మొదట్నుంచీ చెప్తాను."

చెల్లెలు ముందుకు వెళ్ళి తాళం తిప్పింది.