మాట్లాడితే వేడి పోతుంది

పొద్దున్నే ఇస్త్రీ కొట్టు తలుపులు తీయగానే ఆ మహానుభావుడు చేసే మొదటి పని పెళ్లాన్ని నాలుగు మాటలనడం. కొట్టు నడవాలంటే అది తప్పదు. ఆవిడకి కోపం వస్తే అరచేతులు కాలతాయి, ఆ చేతులతోనే బట్టలు ఇస్త్రీ అవుతాయి. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి కనిపెట్టిన రోజే ఆయన బొగ్గుల ఇస్త్రీపెట్టెని పాత సామాన్లవాడికి ఇచ్చేశాడు.

ఏ బట్టకి ఎంత కోపం కావాలో ఆయనకి కొట్టిన పిండి. పట్టుబట్టలకి కూరలో ఉప్పు తక్కువైందంటే చాలు. మామూలు చొక్కాలకి పక్కింటావిడ పొందికని పొగడాలి. గంజి పెట్టిన దళసరి బట్టలు వచ్చాయంటే మాత్రం పుట్టింటి ఊసెత్తాల్సిందే. "మీ నాన్న..." అని మొదలుపెడితే చాలు, మడతలు కత్తిలా నిలబడేవి. నియమం ఒక్కటే, ఆవిడ నోరు విప్పకూడదు. విప్పితే ఉన్న వేడంతా మాటల్లో పోయి చేతులు చల్లబడతాయి. "మాట్లాడకు, వేడి పోతుంది" అని ఆయనే కాదు, బట్టలకోసం నిలబడ్డ వాళ్లూ అనేవాళ్లు. మా చొక్కా అయ్యేదాకా ఓపిక పట్టు ఇస్త్రీ వదినా, తరవాత నీ ఇష్టం, అని బతిమాలేవాళ్లు. తరవాత ఇంకొకరి చొక్కా ఉండేది.

కూతురికి చిన్నప్పుడు జ్వరమొస్తే నుదుటిమీద చెయ్యి వేసి చూడ్డానికి పక్కింటావిడని పిలవాల్సి వచ్చేది. కన్నతల్లి గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది. ఆ వేడిచేతుల్ని అదృష్టమంది ఆ వీధి వీధంతా. ఆ అదృష్టం ఎవరిదో ఒక్కరూ అడగలేదు.

కొట్టు గోడకి సబ్బుల కంపెనీ క్యాలెండరు ఉండేది. ఒక నెల బొమ్మలో పరాయి దేశపు నగరమేదో, అందులో ఒక చెరువు, గట్టుమీద ఒక ముసలావిడ, ఆవిడ అరచేతిలో వాలి గింజలు తింటున్న బూడిదరంగు పక్షి. నెల మారినా, ఏడాది మారినా ఇస్త్రీ వదిన ఆ కాగితం తిప్పనివ్వలేదు. జీవితంలో ఆవిడ పట్టిన పంతం అదొక్కటే. ఆ కంపెనీవాళ్లే లాండ్రీలవాళ్లకి లాటరీ తీసి, గెలిచిన ఒక్కో కొట్టుకీ ఆ నగరం చూడ్డానికి రెండేసి టిక్కెట్లు ఇచ్చినప్పుడు, వీళ్లకీ తగిలితే, ఆవిడ అడిగిందీ ఒక్కటే.

"ఆ చెరువు దగ్గరికి తీసుకెళ్తారు కదండీ?"

"ఆ, ఆ" అన్నాడాయన. ఆయన చెల్లెలు కూడా సొంత ఖర్చుతో తోకలా బయల్దేరింది.

అక్కడ దిగిన మర్నాడు తెల్లారి హోటల్ గది తలుపు తీస్తే నడవాలో క్యూ ఉంది. విమానంలోనే ఆయన అందరికీ మాటిచ్చేశాడట, పెట్టెల్లో నలిగిన బట్టల గురించి బెంగ పెట్టుకోకండి, మా ఆవిడుంది, అని. లాండ్రీలు నడిపేవాళ్లే అందరూ, అయినా సిగ్గులేకుండా చొక్కాలు పట్టుకుని నిలబడ్డారు. ఆయన మంచంమీద కూర్చుని, టీ తాగుతూ, ఆవిడ తండ్రి పిసినారితనం గురించి తీరుబడిగా చెప్పాడు. ఆవిడ తల వంచుకుని చొక్కాలన్నీ రుద్దింది. ఊరు చూడ్డానికి వచ్చిన మనిషి!

ఆ ఆలస్యంతో మొదలైన రోజు ఇక గాడిన పడలేదు. మ్యూజియానికి వెళ్తే ఆ రోజు సెలవు. కోట మెట్లన్నీ ఎక్కాక తెలిసింది టిక్కెట్లు కిందే కొనాలని. గొడుగెత్తి పట్టుకుని నడిచే గైడు ఒక మాట చెప్పేవాడు, బస్సు డ్రైవరు ఇంకో వీధిలో ఆగేవాడు. గాజుసామాన్ల బజారులో ఆడపడుచు తప్పిపోయింది. ఆమెను వెతకబోయి గైడు తప్పిపోయాడు. చివరికి గైడుని వెతికి పట్టుకొచ్చింది ఆడపడుచే. ఇంత గందరగోళంలోనూ ఇస్త్రీ వదిన అడుగుతూనే ఉంది, చెరువెప్పుడని.

పైగా ఎముకలు కొరికే చలిగాలి. ఏదో పాత గోపురం ముందు అందరూ వణుకుతుంటే ఆ మహానుభావుడికి ఉపాయం తట్టింది. నీ మూలంగానే ఆలస్యమైంది, నీ చేతుల్లో చురుకులేదు, అని నలుగురిలో పెళ్లాన్ని దులిపేశాడు. ఆవిడ అరచేతులు ఎర్రబడ్డాయి. అంతే, గుంపంతా చుట్టూ చేరి చలి కాచుకున్నారు. ఆడపడుచు ఒక బన్ను కూడా వేడి చేసుకుంది. "ఇంకొంచెం ఏమైనా అను అన్నయ్యా, లోపల చల్లగానే ఉంది" అంది.

పొద్దు వాలుతుండగా బస్సు చెరువు దగ్గర ఆగింది. అదే గట్టు, అవే పక్షులు. ఆగేది కాసేపేనని, చీకటిపడితే పక్షులుండవని గైడు చెప్పాడు. ఆవిడ దాదాపు పరిగెత్తింది. గింజలమ్మే ముసలాయన దగ్గర మొక్కజొన్న గింజల పొట్లం కొని, సగం అరచేతిలో పోసుకుని చెయ్యి చాపింది. ఒక పక్షి గాల్లో అటూ ఇటూ తిరిగి కిందికి దిగబోయింది.

గింజలు టపటపా పేలాయి. పొద్దుటినుంచీ మింగిన కోపమంతా ఆ చేతిలోనే ఉంది మరి. పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆ ఊరి పిల్లలు వచ్చి ఆవిడ చేతిలోంచి పేలాలు తీసుకుని తిని, నవ్వుతూ వెళ్లిపోయారు. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయనా నవ్వాడు. "ఇదేదో బాగుందే. కొట్టు పక్కనే పేలాల బండి కూడా పెట్టొచ్చు. మొత్తానికి మీ నాన్న ఇన్నాళ్లకి పనికొచ్చాడు."

ఆవిడ పెదవులు కదిలాయి.

"మాట్లాడకు, వేడి పోతుంది."

"పోనివ్వండి" అంది ఆవిడ. "ఏనాడూ కూరలో ఉప్పు తక్కువ కాలేదు."

అక్కణ్నించి మొదలుపెట్టింది. పట్టుబట్టల నుంచి దళసరి బట్టలదాకా, ఏ చొక్కాకి ఏ మాట పడిందో ఒక్కటీ వదల్లేదు. గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ జ్వరాల సంగతి రెండుసార్లు చెప్పింది. భాష తెలియని ఆ ఊరివాళ్లు బల్లలమీద సర్దుకుని కూర్చుని విన్నారు. గింజల ముసలాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బస్సు హారను మోగింది, ఎవరూ కదల్లేదు.

"మా నాన్న పోయేదాకా మిమ్మల్ని ఒక్క మాట అనలేదు" అంది చివరికి. "అల్లుడు మంచివాడమ్మా అనే అన్నాడు. నేనూ ఆయనకి నిజం చెప్పలేదు, వేడి పోతుందని."

ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. పొట్లంలో మిగిలిన గింజలు అరచేతిలో పోసుకుంది. అవి గింజల్లాగే ఉన్నాయి. వెలుతురు పూర్తిగా పోకముందే ఒక బూడిదరంగు పక్షి వచ్చి బొటనవేలి మీద వాలింది.

ఆయన బస్సు సంగతి చెప్పబోయాడు. గైడు వేలు పెదవులకి ఆనించాడు.

"మాట్లాడకండి సార్, పక్షి పోతుంది."

మర్నాడు పొద్దున నడవాలో మళ్లీ క్యూ కట్టారు, సిగ్గు ఒక్కరోజులో వస్తుందా. ఆయన గొంతు సవరించుకుని "మీ నాన్న..." అన్నాడు.

"మా నాన్నకేం?" అని అడిగింది ఆవిడ, ఆయన కళ్లలోకి చూస్తూ. జవాబు కోసం ఆగింది. ఆయన టీ కప్పులోకి చూశాడు. చొక్కా మీద ఆవిడ చెయ్యి వేస్తే ముడత ముడతలాగే ఉంది. ఆ యాత్రలో తీసిన గుంపు ఫోటోలో లాండ్రీలవాళ్లందరి బట్టలూ నలిగే ఉన్నాయి.

ఇప్పుడు కొట్టులో కరెంటు పెట్టె పట్టుకుని నిలబడేది ఆయనే. కాలిన కాలరు గురించి ఎవరైనా అడిగితే తల వంచుకుని ఇంకో చొక్కా అందుకుంటాడు. ఇస్త్రీ వదిన కుర్చీలో కూర్చుని బట్టలు మడత పెడుతుంది. కూతురు పెద్దదైపోయింది, అయినా జ్వరం ఉన్నా లేకపోయినా వచ్చి, తల్లి చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకుని కాసేపు కూర్చుంటుంది.