మూడో కంచం

నవ్య కాటా మీంచి దిగింది. డాక్టరుగారు అంకె చూసి, తల్లి శైలజ మొహం చూశారు. యాభై రెండు కిలోలు, పిల్లకేమో తొమ్మిదేళ్ళు. పొడుగు పెరిగే వయసు కనక బరువు తగ్గించక్కర్లేదనీ, పెరక్కుండా ఆపితే చాలనీ ఆయన హిందీలో మెల్లగా చెప్పారు. ఆపకపోతే మాత్రం లివరుకి పట్టిన కొవ్వు ఊరుకోదట, ఈ వయసులోనే సుగరొస్తుందట. మెల్లగా చెబితే మాత్రం భయం తగ్గుతుందా?

రాత్రికి రెండు రొట్టెలే పెడుతున్నానని ఆవిడ ఒట్టేసింది. అబద్ధమేం కాదు. మరి పిల్ల గాలి తిని పెరుగుతోందా? ఇంట్లో ఎవరేం పెట్టినా ఒక్క కాగితం మీద రాయమన్నారు డాక్టరుగారు.

బతుకుతెరువుకొచ్చిన హిందీ ఊళ్ళో, జుగ్సలాయిలో వాళ్ళుండే రెండు గదుల్లో నలుగురూ కలిసి తినేది ఆదివారమే. మొగుడు పైడిబాబు తెల్లారకుండా గమ్హరియా ఫ్యాక్టరీకి పోయి మూడున్నరకి వస్తాడు. నర్సింగ్ హోమ్‌లో రిసెప్షన్ చూసే శైలజ పదింటికి పోయి ఏడున్నరకి వస్తుంది. ఇంట్లో ఉండేది అత్తగారు దాలమ్మ.

వారం తిరిగాక కాగితం చదివి శైలజ తల పట్టుకుంది. బడి నుంచి రాగానే నానమ్మ దగ్గర అన్నం. గంట గడవకుండా నాన్న కంచంలో మళ్ళీ అన్నం. ఏడున్నరకి అమ్మ దారిలో కొనుక్కొచ్చిన సమోసాలు. అయ్యో రామా, అవి తనే రాసింది, తనకే లెక్కలోకి రాలేదు! ఆ పైన రాత్రి రొట్టెలు.

"ఏటత్తా, రెండుసార్లు అన్నం తింతాందని నాకు సెప్పొద్దా?"

దాలమ్మ ఒంటికాలి మీద లేచింది. "తండ్రి పిలిత్తే ఎల్లి కూకుంతాది. కన్నోడి ముద్ద వద్దనమంతావేటి?"

"రోజంతట్లో దాన్తో కూకునేది ఆ కాసేపే గదే," అన్నాడు పైడిబాబు, తప్పు చేసినవాడిలా.

ఆ సోమవారం నుంచి సమోసాలు బంద్. నాన్న కంచం నాన్నదే. ముగ్గురూ మాట మీదే నిలబడ్డారు, పాపం. నెలకి మళ్ళీ కాటా ఎక్కిస్తే యాభై మూడు!

మర్నాడు శైలజ సెలవడిగి నాలుగింటికే ఇంటికొచ్చింది. దాలమ్మ పక్కింట్లో కబుర్లలో ఉంది, పైడిబాబు తింటున్నాడు. పక్కన నవ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిలో వేసిన బొమ్మ గురించి చెబుతోంది. అయిదు నిమిషాల్లో అతను చెయ్యి కడిగి చాప మీద వాలాడు, కబురు బొమ్మకేసిన రంగుల దాకా రాకముందే గురక పెట్టాడు. పిల్ల కాసేపు చూసి, వంటింట్లోకెళ్ళి కంచంలో అన్నం పెట్టుకొచ్చి తండ్రిని కుదిపింది.

"పాపా, ఖిలా దో నా," అంది, నాన్నా తినిపించవా అని.

అతను కళ్ళు మూసుకునే లేచి కూర్చుని ముద్ద కలిపాడు. నెలంతా ఇంతే కాబోలు, అతనికి తెలిసి పెట్టాడో లేదో!

"ఆకలేత్తందా అమ్మా?" అంది శైలజ గుమ్మంలోంచి.

"నహీ."

"మరేటి?"

"మై ఖాతీ హూఁ తో పాపా జాగ్తే హైఁ," అంది నవ్య. తను తింటుంటేనే నాన్న మేలుకుంటాడట. ఆగి, "ఆప్ భీ," అంది. అమ్మా అంతేనట.

శైలజకి ప్రాణం చివుక్కుమంది. ఇంక కంచం మాటే వద్దు, ఊరికే కూర్చుని కబుర్లే చెప్పుకోవాలి అనుకుంది.

మర్నాడు ఏడున్నరకి వచ్చి, చెప్పులు విడవగానే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. "సెప్పు, ఏటి బొమ్మేసేవు?" నవ్య మొహం వెలిగింది. ఇల్లంది, చెట్టంది, చెట్టు కింద... పొద్దున్నించీ నిలబడ్డ కాళ్ళు లాగుతున్నాయి. చెట్టు కింద ఏముందో శైలజ వినలేదు.

భుజం కుదిపితే ఉలిక్కిపడి లేచింది. ఎదురుగా నవ్య, చేతిలో కంచం, అందులో లెక్కలో లేని రెండు రొట్టెలు. వద్దనాలి. వద్దంటే మళ్ళీ కళ్ళు మూతలు పడతాయి. పిల్ల పక్కనే కూర్చుని, బొమ్మ గురించి మళ్ళీ మొదటినుంచి మొదలెట్టింది.

శైలజ రొట్టె తుంచి దాని నోట్లో పెట్టింది.