ఊరికే ఇచ్చిన గ్రైండరు

మా అమ్మ పేరు చిన్నమ్మలు. ఇంట్లో ఏదీ పారెయ్యనివ్వదు. పిడి ఊడిన చీపురు కూడా ఆవిడ లెక్కలో ఆస్తే. క్రిస్మస్‌కి ఇంటికి రంగులు వేయిద్దామని వెనక వసారా ఖాళీ చేస్తుంటే, మోటారు కాలిపోయి రెండేళ్ళుగా మూల కూర్చున్న గ్రైండరు బయటపడింది.

"ఉండనీవే, ఎప్పటికైనా పనికొస్తాది" అంది అమ్మ.

నేను వినలేదు. ఫొటో తీసి మా కొత్తపేట కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మోటారు పోయింది. రాళ్ళు బాగున్నాయి. కావలసినవారు ఊరికే తీసుకెళ్ళవచ్చు. జెస్సీ టీచర్."

గంట తిరక్కుండా భవానీదేవి గారు స్కూటీ మీద దిగారు. ఆవిడ అత్తవారిది ఆలమూరులో పదిహేనెకరాల కుటుంబం. మా అమ్మ ముప్పై ఏళ్ళు ఆ చేలల్లో ఊడ్పులూ కోతలూ చేసి, ఆ పెరట్లో గిన్నెలు తోమింది. ఇప్పుడు వాళ్ళూ కొత్తపేటలో, మా పక్క వీధిలోనే ఇల్లు కట్టుకున్నారు.

"మీదీ మాదీ ఒకటే కంపెనీ అండి టీచరుగారూ. మాది మోటారు బాగానే ఉందండి, రాళ్ళే బీటలిచ్చేయి. రావులపాలెం, రాజమండ్రి అంతా తిరిగేం, ఎక్కడా దొరకలేదండి. మా కోడలికి ఐదో నెల. మినపరొట్టి తప్ప ఏదీ సయించట్లేదు. మిక్సీ పిండితో వేస్తే చెక్కలా వస్తోందండి."

"అయితే మీ కోసమే ఉందండి. పట్టుకెళ్ళండి" అన్నాను. నిజంగానే సంతోషం వేసింది. కడుపుతో ఉన్న పిల్ల నోటికి రుచిగా తింటుందంటే ఎవరికి మాత్రం వెయ్యదు?

ఆవిడ పర్సు తెరిచి ఐదొందల నోటు వసారా గట్టు మీద పెట్టారు.

"ఊరికేనని రాసేను కదండీ?"

"అబ్బే, ఊరికే తీసుకుంటే అచ్చిరాదండి."

"ఏం పరవాలేదండి. ఉంచుకోండి."

"ఎంత చెడ్డా మీ దగ్గర ఊరికే పట్టుకెళ్తామాండీ? నలుగురూ వింటే ఏం బాగుంటాది?"

మీ దగ్గర. ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎంత మెత్తగా అన్నారో! వాతకి కూడా 'అండి' తగిలించి పెట్టడం మా వైపు మర్యాద.

నా చిన్నతనంలో వాళ్ళింటి నుంచి మా ఇంటికి రాని పాత సామాను లేదు. మూత లేని కుక్కరు, గాజు పగిలిన లాంతరు, చిరిగిన దుప్పట్లు, మూడు కాళ్ళ బల్ల. ఆ బల్లకి నాలుగో కాలుగా ఇటికలు పేర్చుకుని నేను పదో తరగతి చదివాను. అవి మాకు అచ్చివస్తాయో రావో అని ఎవరూ బెంగపెట్టుకోలేదు. వాటికి వెల కడతానని మా అమ్మ అని ఉంటే, పడీపడీ నవ్వేవారు. పుచ్చుకోవడానికే పుట్టారనుకున్న మనుషులు ఇచ్చేసరికి ఆవిడకి గొంతు దిగడం లేదు. అంతే.

"చూడండి, నేను కొట్టు పెట్టలేదు. ఊరికే అయితే ఇస్తాను. డబ్బిస్తానంటే ఇవ్వను. రేపు పాత ఇనపసామాన్లవాడు వస్తాడు, వాడికి పడేస్తాను."

అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లాగింది. "తీసుకోవే. పెద్దోళ్ళతో పంతాలేంటే నీకు? అమ్మగారు అంతలా అడుగుతుంటే!"

"పంతమేనమ్మా. నీకు పుణ్యముంటుంది, కాసేపు ఊరుకో."

భవానీదేవి గారు గ్రైండరు వంక చూశారు, వీధి వంక చూశారు. నేను గట్టు దగ్గర నుంచి కదల్లేదు. కోడలి ఆకలి గుర్తొచ్చిందేమో, చివరికి నోటు మడిచి పర్సులో పెట్టుకున్నారు.

"సరేనండి. మీ ఇష్టం."

అలవాటు కొద్దీ అమ్మ గ్రైండరు ఎత్తడానికి వంగింది. నేను అడ్డం వెళ్ళాను. భవానీదేవి గారూ నేనూ చెరోవైపు పట్టుకుని స్కూటీ ముందు భాగంలో కూర్చోబెట్టాం. నాకు ఒళ్ళంతా వేడిగా ఉంది. గెలిచానన్న సంబరం దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఆవిడ బండి స్టార్టు చేసి, అమ్మని దగ్గరికి రమ్మని గొంతు తగ్గించారు.

"చిన్నమ్మలూ, ఊరికే తీసుకున్నానని ఎక్కడా అనకే. ఆలమూరులో తెలిస్తే మా పరువు పోతాది."

ఇందాకటి దాకా నన్ను బతిమాలిన మా అమ్మ కొంగు నడుముకి దోపుకుంది.

"అంటానండి అమ్మగారూ" అంది, వీధికంతా వినపడేలా. "మీరిచ్చిన ప్రతీదీ మీరు ఊరంతా చెప్పేరు కదండీ. ఈ ఆదివారం చర్చిలో లేచి నేనూ సాక్ష్యం చెప్తానండి, మీకు ఇచ్చేపాటి స్థితి దేవుడు మాకిచ్చేడని."