ఆల్చిప్పలకు పెట్టిన తిండి

మస్కట్ నుంచి లోవరాజు ఫోను చేశాడంటే కడియంలో ఆ వీధి వీధంతా వినేది. సముద్రం అవతలికి వినపడాలంటే అరవాల్సిందేనని అతని పెళ్ళాం రామలక్ష్మి నమ్మకం. సెలవు దొరికిందని అతను చెప్పిన రోజున మాత్రం పక్కనున్నవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా, "నిజంగానా?" అంది.

"వచ్చేసరికి ఆల్చిప్పల కూర వండవే. కల్లోకొత్తంది," అన్నాడతను.

ఆ ఒక్క మాటతో రామలక్ష్మికి కాలు ఒకచోట నిలవలేదు. కాలవ నిండా ఆల్చిప్పలే, కానీ పొలాల్లో కొట్టిన పురుగుమందంతా అందులోకే దిగుతోందని ఊళ్ళో తినడం మానేశారు. ఇన్నేళ్ళకు వస్తున్న మొగుడికి అవి పెడుతుందా? గోదావరి నడిమి లంక దాకా పోయి ఏరుకొచ్చింది. పెరట్లో సిమెంటు తొట్టిలో ఇసుక పోసి, బోరు నీళ్ళు నింపి వాటిని పెంచసాగింది.

తేట నీళ్ళలో అవి ఏం తిని బతుకుతాయి? చిక్కిపోతాయని బెంగ పట్టుకుంది. తను పనిచేసే నర్సరీలో ఒక గుంట ఉంది. మొక్కలకు మందు కొట్టాక డబ్బాలూ చేతులూ అక్కడే కడుగుతారు. నాచు పట్టి ఆ నీళ్ళు ఎప్పుడూ ఆకుపచ్చగా ఉండేవి. పచ్చగా ఉన్నదల్లా మంచిదే అనుకోవడం కడియం మనుషులకు అలవాటు, వాళ్ళకు అన్నం పెట్టేది ఆ పచ్చదనమే కదా. రోజూ ఆ గుంటలోంచి చెంబుడు తెచ్చి పోసేది. ఆల్చిప్పలు నోళ్ళు తెరిచి నాచంతా లాగేసుకునేవి. తొట్టి తేటపడేది. మొగుడికే వడ్డించినంత సంబరంగా చూస్తూ కూర్చునేది పిచ్చిది.

పక్కింటి మాస్టారి కూతురు ప్రసన్నకుమారి రాజమండ్రి కాలేజీలో చదువుతోంది. ఆల్చిప్పల్లో మందు ఎంత చేరిందో కొలవడమే ఆ పిల్ల చదువు. లంక దగ్గరవి కొన్ని, తొట్టిలోవి కొన్ని పట్టుకెళ్ళి పరీక్ష చేసింది. రేపు లోవరాజు వస్తాడనగా వచ్చి చెప్పింది.

"వీటిని వండకక్కా. లంకలోవి బాగానే ఉన్నాయి. నీ తొట్టిలోవాటికే మందు పట్టింది."

"బోరు నీళ్ళే కదమ్మా పోసింది."

"నీళ్ళది తప్పు కాదు. నువ్వు పెట్టిన నాచుది. మందు నాచుకు పడుతుంది. ఆ నాచు తిన్నవాటి కండలో, కొవ్వులో చేరి అక్కడే ఉండిపోతుంది."

"శుభ్రంగా కడిగితే పోదా?"

"పోదక్కా. మంచి తిండి పెడుతూ నెలల తరబడి ఉంచితే మెల్లగా తగ్గుతుంది."

నెలల తరబడి ఎక్కడుంటాడు? అతనికిచ్చిన సెలవు ఒక్క నెల. రామలక్ష్మి తొట్టి పక్కన కూలబడి ఏడ్చింది. కూర పోయినందుకు కాదు. ఇన్నాళ్ళూ అతనికి చేసిపెడుతున్నాననుకున్నది తన చేత్తోనే పాడుచేసుకున్నందుకు.

మర్నాడు లోవరాజు వచ్చాడు. జుట్టు పలచబడింది. స్నానం చేసి కంచం ముందు కూర్చుని వంకాయా ఎండురొయ్యల కూర చూసి, "ఆల్చిప్పలేయే?" అన్నాడు.

రామలక్ష్మి తలొంచుకుని జరిగిందంతా చెప్పింది. విసుక్కుంటాడనుకుంది. అతను ముద్ద కలపడం ఆపేశాడు.

"ఆ గుంటలో చేతులు కడుక్కునేనా నువ్వు మధ్యాన్నం అన్నం తినేది?"

"అందరం అంతే మావా."

"ఎన్నాళ్ళ నించి?"

"నువ్వెల్లిన కాడ్నించీ."

లోవరాజు ఎడం చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గోళ్ళ చుట్టూ తోలు పగిలి ఉంది. ఎంత కాలంగా ఆ చెయ్యి ఎవరూ పట్టుకోలేదో రామలక్ష్మికి అప్పుడు తెలిసొచ్చింది.

"రేపట్నించి పనిలోకి ఎల్లొద్దు," అన్నాడు.

"నువ్వుండిపో. మానేత్తాను."

అతను ఆమె చెయ్యి వదల్లేదు. ఉంటానని మాత్రం అనలేదు.