పన్నెండో బొమ్మ

జిగురు గిన్నెలో కుంచె తిప్పుతూనే ఎముకలాయన ఎడమ భుజం నొక్కుకున్నాడు. పొద్దుట్నుంచి ఇది నాలుగోసారి. వైద్య కళాశాల గ్రంథాలయం వెనకగదిలో ముప్ఫై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్న మనిషి. ఆ పేరు పెట్టింది తోటి పనివాళ్లు. పెట్టరూ మరి! సెలవు దొరికితే చాలు, పాత పుస్తకాల దుకాణాలు గాలించి శరీరశాస్త్రం బొమ్మలు ఏరుకొచ్చేవాడు. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసి, ఎవరో చేత్తో రంగులద్దిన రెండొందల ఏళ్లనాటి బొమ్మలు.

ఒకే పుస్తకంలోంచి చెదిరిపోయిన పన్నెండింటిలో పదకొండు దొరికాయి. అన్నిటికీ రంగు వేసింది ఒకటే చెయ్యి. నీలం వేసేటప్పుడు గీత దాటి వెంట్రుకవాసి బయటికి పోవడం దాని అలవాటు. ఆ ఊరూ పేరూ లేని పనివాడంటే ఈయనకి తోడబుట్టినవాడంత ప్రేమ. దొరకనిదల్లా గుండె బొమ్మ.

"ఇంట్లో ఉన్న మనుషులం చాలమా, కోసిన మనుషులు కూడా ఎందుకండీ?" అని భార్య దెప్పేది. దెప్పుతూనే బొమ్మలు దాచిన పెట్టెలో కలరా ఉండలు వేసేది.

మధ్యాహ్నం ఓ పాత నిఘంటువు అట్ట విప్పాడు. గట్టిదనం కోసం అట్ట లోపల చిత్తుకాగితాలు అతికించడం పాతకాలపు పద్ధతి. పై పొర లేపితే నీలం అంచు కనిపించింది. గీత దాటింది. ఎముకలాయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

నీళ్లలో వేస్తే రంగు పోతుంది. మీద తడి కాగితం పరిచి, జిగురు మెత్తబడేకొద్దీ చెక్కబద్దతో నూలుపోగంత చొప్పున లేపాలి. మొదలుపెట్టాక మధ్యలో వదిలేస్తే రంగు పాకిపోతుంది.

ఐదింటికి భార్య ఫోన్ చేసింది.

"ఐదున్నరకి గుండె డాక్టరు రమ్మన్నాడు. గుర్తుందా?"

"తడి కాగితం వదిలేసి ఎలా వస్తానే? రేపు వెళదాంలే."

"మీ మొండితనం తగలెయ్య! నిన్నా రేపే అన్నారు. నేనే వస్తున్నా, ఉండండి."

కాసేపటికి బొమ్మ చిరగకుండా ఊడొచ్చింది. గుండె బొమ్మే. రంగు మాత్రం సగమే ఉంది. ఒక సిరకి నీలం వేసి, పక్కదానికి పొరపాటున ఎరుపు వేసి, అక్కడితో ఆపేశాడా పనివాడు. అందుకే చిత్తులో కలిపేశారు.

"ఓరి పిచ్చివాడా, నువ్వూ తప్పు చేశావట్రా," అని నవ్వాడు ఎముకలాయన. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొడి కాగితాల మధ్య దాన్ని సర్ది, అదిమిపెట్టే రాయి ఎత్తి పైన పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు.

భార్య వచ్చేసరికి తల వాల్చి ఉన్నాడు. కళ్లద్దాలు ఒళ్లోకి జారాయి.

"లేవండి, డాక్టరు వెళ్లిపోతాడు," అంటూ భుజం తట్టింది. మళ్లీ తట్టింది. తర్వాత ఆ భుజం పట్టుకుని అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

బల్లమీద, రాయి కింద, పన్నెండో బొమ్మ ఇంకా ఆరలేదు.